అలసటకి ఆరడుగుల దూరం

నేలపర్తిపాడు ఏరియా ఆసుపత్రిలో అలసట అనే జబ్బు ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి బయటపడింది. అంతకు ముందు అక్కడ ఎవరూ అలిసిపోలేదని కాదు. అంతకు ముందు దానికి ఫారం లేదు. ఫారం లేని జబ్బుని ప్రభుత్వ ఆసుపత్రి జబ్బుగా ఒప్పుకోదు.

అది కరోనా వచ్చిన రెండో ఏడు. హెడ్ నర్సు కురపాటి సువార్త ఇల్లు వదిలి ఆ రోజుకి యాభైమూడు రోజులు. ఇల్లేమీ సముద్రాలవతల లేదు. ఆసుపత్రి గేటు నుంచి కిలోమీటరున్నర, రైలు గేటు దాటితే రెండో సందు. కానీ కరోనా వార్డులో చేసేవాళ్ళు ఇంటికెళ్తే ఇంట్లోవాళ్ళకి అంటుకుంటుందని నర్సులందరినీ బాలికల హాస్టల్లో దించారు. భర్త ఏసుపాదం ఆర్టీసీ డ్రైవరు. బస్సులు తిరగడం లేదు గనక ఇంట్లో ఉండి ఎనిమిదేళ్ళ కూతురు లిల్లీని చూసుకుంటున్నాడు. ఆ రెండు నెలల్లో మనిషి పప్పు వండటం నేర్చుకున్నాడు, ఫోన్లో పాఠాలు పెట్టడం నేర్చుకున్నాడు, జడ వెయ్యడం మాత్రం చేతకాలేదు. లిల్లీకి నడుం దాకా జుట్టు. బస్సు టాపు మీద సామాన్లకి తాడు బిగించినట్టు బిగించేవాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది.

రోజూ సాయంత్రం ఐదింటికి, డ్యూటీలు మారే వేళకి, లిల్లీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేది.

"అమ్మా, కొత్తావిడ వచ్చిందా?"

కొత్తావిడంటే కొత్త నర్సు. ఆ ఆసుపత్రికి మంజూరైన నర్సు పోస్టులు పద్నాలుగు. వాటిలో తొమ్మిది ఖాళీ. పద్నాలుగు మంది పని ఐదుగురు చేస్తున్నారు. ఒక్క మనిషి జాయినైతే చాలు, ఆ మర్నాడే టెస్టు చేయించి నాలుగు రోజులు ఇంటికి పంపిస్తానని సూపరింటెండెంట్ డాక్టర్ గంధం నరహరి సువార్తకి మాటిచ్చాడు. నాలుగు రోజుల్లో మొదటి రోజు నిద్రపోయి, మిగతా మూడు రోజులూ కూతురి తల చిక్కు తీస్తూ కూచోవాలని సువార్త ఆశ. అంతకు మించి ఆవిడకి ఈ లోకంతో పేచీ లేదు.

అలాంటి సమయంలో రాజధాని నుంచి ఒక ఉత్తర్వు దిగింది. వైద్య సిబ్బందియందు అలసట గలదా, గలచో ఎందరియందు గలదు, తక్షణమే తెలియపరచవలెను అని అందులో ఉంది. నరహరి ఆ కాగితం సువార్త చేతిలో పెట్టాడు. ఆవిడ వార్డు వార్డుకీ తిరిగి అడిగింది. ముప్పై ఎనిమిది మంది సిబ్బందిలో ముప్పై ఒక్కరు అలిసిపోయామన్నారు. మిగిలిన ఏడుగురిలో ముగ్గురు కరోనా తగులుకుని మంచాన ఉన్నారు, నలుగురు ప్రశ్న పూర్తయ్యేలోపు నిలబడే నిద్రపోయారు. సువార్త ఉన్నదున్నట్టు రాసి పంపింది. చేసిన పొరపాటల్లా అదే.

జిల్లా కేంద్రంలో ఈ ముప్పై ఒకటిని ఎక్కించడానికి కంప్యూటర్లో చోటు లేదు. ఉన్నదల్లా కరోనా పేజీ. ఆపరేటరు దాన్నే కాపీ కొట్టి పైన పేరు మార్చి, 'పాజిటివ్' అన్న గడిలో ముప్పై ఒకటి కొట్టాడు. మర్నాడు మళ్ళీ అడిగారు. ఈసారి ఆ నలుగురూ మేలుకుని ఉన్నారు గనక లెక్క ముప్పై ఐదైంది. ఇరవైనాలుగు గంటల్లో నాలుగు కొత్త కేసులు. కంప్యూటరు దానంతటదే ఒక గీత గీసింది. గీత పైకి లేచింది. జిల్లా యంత్రాంగంలో గీత పైకి లేస్తే ఎవరో ఒకరు జీపెక్కి రావాలి.

వచ్చినాయన పేరు చేకూరి సాంబమూర్తి. భూగర్భ జలశాఖ ఆయనది. ఆ రోజుల్లో అన్ని శాఖల అధికారులకీ కరోనా పనులు పంచారు. ఆక్సిజన్ చేపలశాఖ ఆయన పట్టుకుపోయాడు, మంచాలు పట్టుపురుగులశాఖ ఆయనకి దక్కాయి, చివరికి మిగిలిన అలసట సాంబమూర్తిగారికి తగిలింది. ఇరవయ్యారేళ్ళపాటు నేలకింద నీళ్ళెక్కడున్నాయో వెతికిన మనిషి. పైకి కనిపించే ప్రతిదానికీ అడుగున ఎక్కడో ఒక ఊట ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. ఊట దొరికే దాకా తవ్వడం మానడు.

ఆయన వరండాలో అడుగుపెట్టేసరికి సువార్త ఆరు గంటలపాటు వేసుకున్న పీపీఈ కిట్టు విప్పేసి గోడకి ఆనుకుని ఉంది. ఆయన్ని చూసి నమస్కారం పెట్టబోయి, చేతులు కలిసేలోపు ఆవలించింది. మాస్కు ఉన్నా దవడ సాగడం దాగదు. పక్కనున్న నర్సు సరళకుమారి ఆవలించింది. ఆవిణ్ణి చూసి ఫార్మసిస్టు, ఆయన్ని చూసి స్ట్రెచర్ తోసే మనిషి, అతన్ని చూసి ఆ స్ట్రెచర్ మీదున్న రోగి. ఆవలింత వరండా చివరిదాకా పోయి, మలుపు తిరిగి, ఎక్స్‌రే గదిలో దూరింది. సాంబమూర్తిగారు చేతి గడియారం చూసుకున్నారు. నాలుగు నిమిషాల్లో పదకొండు మంది. 'గాలి ద్వారా వ్యాప్తి, ప్రత్యక్షముగా చూడడమైనది' అని రాసుకుని తానూ ఆవలించారు. నిజాయితీపరుడు గనక తన పేరు కూడా కింద రాసుకుని, ఆరడుగులు వెనక్కి జరిగి విచారణ మొదలుపెట్టారు.

మీకు అలసట మొట్టమొదట ఎక్కడ తెలిసిందని అందరినీ అడిగారు. అందరూ డ్యూటీ రూములోనన్నారు. డ్యూటీ రూమంటే ఒక ఇనప మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. మొత్తం ఆసుపత్రిలో సిబ్బంది నడుం వాల్చగలిగిన చోటు అదొక్కటే. నిలబడి ఉన్నంతసేపూ ఎవరికీ ఏమీ తెలీదు, కూచున్నాకే కాళ్ళున్న సంగతి గుర్తొస్తుంది. సాంబమూర్తిగారు ఇదంతా వినలేదు. ఆసుపత్రి పటం పరిచి డ్యూటీ రూము చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు. గంటలో వెదురు బొంగులొచ్చాయి, రేకులొచ్చాయి, 'అలసట కేంద్రము, ప్రవేశము నిషిద్ధము' అన్న బోర్డొచ్చింది.

కూచునే చోటు పోయాక ఎవరికీ అలసట తెలియడం మానేసింది. రెండు రోజుల్లో లెక్క ముప్పై ఐదు నుంచి పన్నెండుకి పడిపోయింది. గీత కిందికి దిగింది. జిల్లా కేంద్రం నుంచి అభినందనలొచ్చాయి. మూడో రోజు సరళకుమారి ఇంజెక్షన్ ట్రేతో సహా పడిపోతే, అది పన్నెండు మందిలో లేని మనిషి పడటం గనక అలసట కిందికి రాదని, నేల తడిగా ఉండవచ్చునని నివేదికలో రాశారు. సరళకుమారి లేచి, కొత్త ట్రే తెచ్చుకుని, మిగిలిన ఇంజెక్షన్లు వేసింది.

ఆ సాయంత్రమే సువార్త సెలవు అర్జీ పట్టుకుని నరహరి దగ్గరికెళ్ళింది. ఇక కొత్తావిడ వచ్చేదాకా ఆగలేనంది, రెండు రోజులు చాలంది. నరహరి మంచివాడే. ఆయనా అలిసిపోయాడు గానీ అలసట జాబితా కింద సంతకం పెట్టేది ఆయనే గనక ఆయన పేరు జాబితాలో ఉండటానికి వీల్లేదు. ఇప్పుడు సెలవులన్నీ నోడల్ ఆఫీసరే చూస్తున్నారమ్మా అని నసిగి, ఆవిడని సాంబమూర్తిగారి ముందుకి తోశాడు.

సాంబమూర్తిగారు అర్జీ రెండుసార్లు చదివారు.

"అలసటతో ఉన్న మనిషిని ఇంటికి ఎలా పంపమంటారమ్మా? ఇంట్లో పసిపిల్ల ఉందని మీరే రాశారు."

"నాకు కరోనా లేదండి. నిన్ననే టెస్టు చేయించుకున్నానండి."

"కరోనాతో నాకు సంబంధం లేదమ్మా. అది వేరే ఆఫీసరు."

అలసట లేనివాళ్ళు ఇంటికి వెళ్ళడానికి నియమాల ప్రకారం అభ్యంతరమేమీ లేదని కూడా ఆయనే చెప్పారు. సువార్త అక్కడికక్కడ నిలబడి, తనకెలాంటి అలసటా లేదని రాసి సంతకం చేసిచ్చింది. ఆయన ఆ కాగితం కూడా రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, నిజంగానే తెలుసుకోవాలన్న కుతూహలంతో, అలసట లేనప్పుడు సెలవెందుకమ్మా అని అడిగారు.  వార్డులో ఎవరికో ఆక్సిజన్ అయిపోవస్తోందని పిలుపొస్తే సువార్త వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆయన అసలు తవ్వకం మొదలుపెట్టారు. కేంద్రం దొరికింది సరే, మరి అక్కడికి జబ్బుని తెచ్చిందెవరు? ఒక్కొక్కరినీ నిలబెట్టి, మీకిది ఎవరి నుంచి వచ్చిందని అడగడమే పని. సరళకుమారి తన డ్యూటీతో పాటు సువార్త డ్యూటీ సగం చేస్తున్నానంది. ఆ లెక్కన సువార్త నుంచి వచ్చింది. సువార్తని అడిగారు.

"నేను ఏడో పోస్టు డ్యూటీ చేస్తున్నానండి."

"ఏడో పోస్టులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. మూడేళ్ళ నుంచీ లేరు. సంగతి అదేనండి."

సాంబమూర్తిగారి కలం ఆగింది. మిగతా నర్సులనీ అలాగే తవ్వారు. ఎవరి దారి పట్టుకున్నా చివరికి ఏదో ఒక ఖాళీ పోస్టు దగ్గర తేలింది. పెద్ద కాగితం మీద బాణాలు గీశారు. బాణాలన్నీ తొమ్మిది సున్నాల్లోకి పోయాయి, ఆ సున్నాల్లో పేర్లు లేవు. బోరులో నీళ్ళు పడినప్పటి వెలుగు ఆయన మొహంలో కనిపించింది. ఇన్నాళ్ళకి మూలం దొరికిందమ్మా అన్నారు.

ఆ రోజు ఆసుపత్రిలో పండగ. నరహరి తన డబ్బుతో అందరికీ టీ తెప్పించాడు. మూడేళ్ళుగా ఎన్ని ఉత్తరాలు రాసినా పైవాళ్ళ చెవికెక్కని సంగతి, పాపం ఈ బోరుబావుల ఆయనకి తొమ్మిది సున్నాలతో అర్థమైపోయింది. ఇంక ఖాళీలు నింపకుండా ఎక్కడికి పోతారు? సువార్తకి ఎన్నాళ్ళ తర్వాతో గుండె తేలికైంది. లిల్లీ ఫోన్ చేస్తే, వచ్చేస్తదమ్మా, మూలం కనిపెట్టేశారు అని తనే ముందు చెప్పింది. మూలమంటే ఏంటని పిల్ల అడిగితే, నీ జడకి రిబ్బను తీసిపెట్టుకో అంది.

రెండు రోజులకి పైనుంచి ఉత్తర్వొచ్చింది. నరహరి దాన్ని బయటికి చదివాడు. "నేలపర్తిపాడు ఆసుపత్రియందలి తొమ్మిది ఖాళీలే అలసట వ్యాప్తికి మూలమని నిర్ధారణ అయినందున, సదరు ఖాళీలను పదునాలుగు దినములు క్వారంటైన్ యందు ఉంచవలెను. ఆ కాలమందు ఏ వ్యక్తియు సదరు ఖాళీల సమీపమునకు పోరాదు, వాటియందు చేరరాదు."

మనిషే లేని చోటుని క్వారంటైన్లో ఎలా పెడతారని నరహరి ఫోన్లో అడిగాడు. ఆ చోటు నుంచి ముప్పై ఐదు మందికి అంటుకున్నప్పుడు క్వారంటైన్లో పెట్టడానికేం అని అవతల నుంచి జవాబొచ్చింది. సాంబమూర్తిగారు దగ్గరుండి హాజరు పట్టీలో ఆ తొమ్మిది ఖాళీ వరసలకీ శానిటైజర్ కొట్టించి, పైన అట్టముక్కలు అంటించి, లక్క సీళ్ళు వేయించారు. సంతకం పెట్టేటప్పుడు వాటి మీద చెయ్యి పడకూడదని నర్సులకి గట్టిగా చెప్పారు.

సరిగ్గా ఆ మర్నాడు కొత్తావిడ వచ్చింది.

పేరు బోణం హైమావతి. ఇరవై నాలుగేళ్ళుంటాయి. బస్సులు లేక కూరగాయల వ్యాను పట్టుకుని, ఒళ్ళో సూట్‌కేసుతో ఎనభై కిలోమీటర్లు వచ్చింది. ఏడో పోస్టులో నియమించినట్టు ఉత్తర్వు చేతిలో ఉంది. ఎప్పుడో ఆర్నెల్ల కిందట బయల్దేరిన కాగితం అప్పటికి ఆవిడ ఊరు చేరింది. గేటు దగ్గర ఆవిణ్ణి చూసి సువార్తకి కళ్ళనీళ్ళు తిరిగాయి. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళబోయింది. సాంబమూర్తిగారు ఆరడుగుల దూరం నుంచి ఆగమన్నారు.

ఈ ఉత్తర్వు మీ దగ్గర ఎన్ని రోజుల నుంచి ఉందని అడిగారు. మూడు రోజుల నుంచండి అంది హైమావతి. ఎలా పట్టుకున్నారని అడిగారు. చేత్తోనేనండి అంది. మూడు రోజులుగా ఏడో ఖాళీతో దగ్గరి సంబంధంలో ఉన్నట్టు ఆయన తేల్చారు. అమ్మాయి నిగనిగలాడుతోంది, ఎక్కడుందండీ అలసట అని నరహరి అడ్డుపడ్డాడు. లక్షణాలు బయటపడని దశ అదే డాక్టరుగారూ, అదే అసలు ప్రమాదం అన్నారాయన. వైద్యం చదువుకున్న నరహరి ఇంకేమీ మాట్లాడలేకపోయాడు, ఎందుకంటే ఆ వాక్యం ఆయన రోజుకి ఇరవైసార్లు జనానికి చెబుతున్నదే.

ఆసుపత్రిలో మనుషులు మసలని గది ఒక్కటే ఉంది గనక, హైమావతిని డ్యూటీ రూములో పెట్టారు. ఇనప మంచం, రెండు కుర్చీలు, ఫ్యాను ఆవిడవయ్యాయి. రెండుపూటలా జ్వరం చూడ్డం, భోజనం కిటికీలోంచి అందించడం, గంటకెన్ని ఆవలింతలో ఫారంలో నింపడం హెడ్ నర్సు బాధ్యత. అలా సువార్తకి సాయం రావలసిన మనిషి సువార్తకి ఇంకో రోగి అయింది.

మొదటి రెండు రోజులూ సువార్త కుళ్ళుకుంది. కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల కాళ్ళు బారజాపుకుని ఫ్యాను కింద నిద్రపోతూ కనిపించేది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలికి విశ్రాంతినిస్తూ, నిద్రలో ఆవలింతలు లెక్కకొస్తాయా రావా అని ఆలోచించేది. మూడో రోజు హైమావతి కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చింది.

"ఉత్తినే పడుకోవాలంటే సిగ్గుగా ఉందక్కా. అక్కడ మీరు పరిగెడుతుంటే ఇక్కడ నాకు ముద్ద దిగట్లేదు. ఏదన్నా పని కిటికీలోంచి పడెయ్యండి."

సువార్తకి కుళ్ళు పోయి జాలేసింది. గాజుగుడ్డ చుట్టలు అందించింది. ఆ పిల్ల పొద్దుగూకేలోపు మూడొందల ముక్కలు కత్తిరించి, మడతలు పెట్టి తిరిగిచ్చింది. మర్నాడు దూది కూడా ఇచ్చింది. నాలుగో మడత దగ్గర సాంబమూర్తిగారు పట్టుకున్నారు. గుడ్డల ద్వారా పని లోపలికీ బయటికీ రాకపోకలు చేస్తోందని, ఇలాగైతే ఆ అమ్మాయికి అలసట రావడం ఖాయమని మందలించి, గుడ్డలన్నీ కాల్పించారు.

ఆ సాయంత్రం లిల్లీ మళ్ళీ అడిగింది. సువార్తకి కూతురితో అబద్ధమాడే అలవాటు లేదు.

"వచ్చిందమ్మా. పడుకుంది."

"ఆవిడ పడుకుంటే నువ్వెలా వస్తావు మరి?"

పద్నాలుగు రోజులు గడిచాయి. సువార్త వాటిని ఒక్కొక్కటీ గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుంది. పదిహేనో రోజు పొద్దున రేకులు తీశారు, హైమావతి బయటికొచ్చింది. సాంబమూర్తిగారు ఆవిణ్ణి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి మూడుసార్లు నడిపించి, కళ్ళల్లోకి టార్చి వేసి, అలసట లేదని ధ్రువపత్రం ఇచ్చారు. సువార్త అప్పటికే బ్యాగు సర్దుకుని ఉంది. టెస్టు కూడా చేయించుకుంది. హైమావతికి వార్డు తాళాలు అప్పగించబోతుండగా జిల్లా కేంద్రం నుంచి జీపొచ్చింది.

జిల్లా మొత్తం మీద అలసట లేదని ధ్రువపత్రమున్న నర్సు ఆవిడొక్కతే. అలిసిపోకుండా ఉండటమెలాగో మిగతా ఆసుపత్రుల సిబ్బందికి నేర్పడానికి ఆవిణ్ణి జిల్లా కేంద్రానికి డిప్యుటేషన్ మీద వేశారు. ఎన్నాళ్ళన్నది ఉత్తర్వులో లేదు. హైమావతి నేను రానంది, నాకేమీ తెలీదంది, పద్నాలుగు రోజులు పడుకోవడం తప్ప ఏం చెయ్యలేదని మొత్తుకుంది. అదే చెప్పమ్మా అన్నారు జీపులో వచ్చినవాళ్ళు. నలగని యూనిఫారంతో, ఒళ్ళో అదే సూట్‌కేసుతో, జీపు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూ వెళ్ళిపోయింది. ఏడో వరస మీద మళ్ళీ అట్టముక్క అంటించారు.

సువార్త బ్యాగు తీసుకెళ్ళి హాస్టల్లో పెట్టేసి, తిరిగొచ్చి కిట్టు తొడుక్కుంది.

సాయంత్రం ఐదింటికి ఆవిడ వరండాలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. సాంబమూర్తిగారు ఆ రోజు లెక్క రాసుకుంటూ అక్కడే ఉన్నారు. లిల్లీ ఆ రోజు కొత్తావిడ సంగతి అడగలేదు.

"అమ్మా, నువ్వు తొందరపడక్కర్లేదులే. నాన్న నా జుట్టు కత్తిరించేశాడు. ఇంక జడ వెయ్యక్కర్లేదు, చిక్కు కూడా పడదు. నాన్నేం బలవంతం చెయ్యలేదు, నేనే కత్తిరించమన్నాను."

మంచిపని చేశావమ్మా అంది సువార్త. చాలా బావుంటావు అంది. ఫోన్ పెట్టేసి, ఉన్నచోటే నేల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. డెబ్భై ఏడు రోజుల్లో ఎంతమంది చచ్చిపోవడం చూసినా ఏడవని మనిషి. సరళకుమారి దగ్గరికి రాబోయి, ఆరడుగుల దగ్గర ఆగి, ఆ గీత కూడా దాటి వచ్చి పక్కన కూచుంది.

సాంబమూర్తిగారు చెడ్డమనిషి కాదు.  గొంతు సవరించుకుని ఫారం తీశారు.

"ఇది కొత్తగా వచ్చినట్టుందమ్మా. ఈసారి ఎవరి నుంచో చెప్పగలరా?"

సువార్త తలెత్తింది.

"రాసుకోండి. లిల్లీ. ఎనిమిదేళ్ళు."

"ఎంత దూరంలో ఉన్నారు?"

"కిలోమీటరున్నరండి."

"దగ్గరగా ఎంతసేపు గడిపారు?"

"డెబ్భై ఏడు రోజులుగా అసలు గడపలేదండి."

ఆయన రాస్తూ రాస్తూ ఆగారు. నియమాల పుస్తకం తీసి ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. పాపం, ఆ రోజు ఆయన నిజంగానే వెతికారు.

"ఆరడుగులు దాటినవాళ్ళు లెక్కలోకి రారమ్మా" అన్నారు మెల్లగా. స్కేలు పెట్టి లిల్లీ పేరు మీద అడ్డంగా గీత కొట్టేసి, ఈ రోజు కొత్త కేసులు లేవని కింద రాసుకున్నారు.